దక్షిణాఫ్రికా మినీబస్ టాక్సీ: జనాన్ని దూరంగా తోసిందెవరు, మోసిందెవరు?

ఈసారి పోస్టు పెద్దది. వేరే దేశం చరిత్ర మనకెందుకు అనుకోకుండా చివరి దాకా చదవండి. భూమి, దూరం, బండి, సర్కారు, ఈ నాలుగూ మనకి బాగా తెలిసిన సంగతులే.

2023 ఆగస్టులో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరంలో మినీబస్ టాక్సీల వాళ్లు సమ్మె చేశారు. 3వ తేదీన మొదలై 10వ తేదీ దాకా నడిచింది. అక్కడ టాక్సీ అంటే ఫోన్‌లో బుక్ చేసుకునే కారు కాదు. పదిహేను మంది దాకా కూర్చునే వ్యాన్. ఒక రూటులో తిరుగుతూ దారిలో చెయ్యెత్తిన వాళ్లని ఎక్కించుకుంటుంది, దిగుతామన్న చోట దింపుతుంది. మన షేర్ ఆటోకి, సర్వీస్ జీపుకి పెద్దన్న లాంటిది. నగర పాలకులు కొత్త నిబంధనలు పెట్టి బండ్లు సీజ్ చేస్తున్నారని వీళ్లు చక్రాలు ఆపేశారు. మొదటి రోజు సాయంత్రం పనుల్లోంచి బయటికి వచ్చిన వేల మందికి ఇంటికి పోయే దారి లేదు. కిలోమీటర్ల కొద్దీ నడిచారు. బస్సులకి నిప్పు పెట్టారు. ఆ ఎనిమిది రోజుల గొడవల్లో ఐదుగురు చనిపోయారు.

ప్రైవేటు వ్యాన్లు ఆగితే అంత పెద్ద నగరం ఎందుకు ఆగిపోయింది? అక్కడ బస్సులున్నాయి, రైళ్లున్నాయి, ఆఫ్రికాలోనే పెద్ద ఆర్థిక వ్యవస్థల్లో ఒకటి అది. అయినా ప్రజా రవాణా వాడే వాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఈ వ్యాన్ల మీదే ఆధారపడతారు. "టాక్సీల వాళ్లు రౌడీలు, అందుకే ఇలా" అని చాలామంది అంటారు. చరిత్ర చదివితే నాకు అర్థమైంది వేరు. ఆ వ్యాను పుట్టడానికి సర్కారు చట్టాలే కారణం. తర్వాత ఆ వ్యానుని బాగుచేస్తామని వచ్చినప్పుడు, సర్కారు ఆ సంగతి మర్చిపోయినట్టు మాట్లాడింది. మొదట్నుంచి చెప్తాను.

ముందు భూమి పోయింది

1913లో అక్కడి తెల్లవాళ్ల ప్రభుత్వం నేటివ్స్ ల్యాండ్ యాక్ట్ అనే చట్టం తెచ్చింది. జనాభాలో మూడింట రెండు వంతులున్న నల్లజాతి వాళ్లకి దేశంలో దాదాపు 7 శాతం భూమి మాత్రమే కేటాయించింది. ఆ గీత దాటి వాళ్లు భూమి కొనకూడదు. 1936లో ఇంకో చట్టంతో దాన్ని 13 శాతం దాకా పెంచుతామన్నారు.

మన గ్రూపులో అందరికీ 1/70 చట్టం తెలుసు. ఏజెన్సీలో గిరిజనుడి భూమి బయటివాళ్ల చేతికి పోకూడదని చేసిన చట్టం. 1913 చట్టం దానికి పూర్తిగా తిరగేసిన చట్టం. రెండింటిలోనూ "ఫలానా వాళ్లు ఫలానా చోట భూమి కొనకూడదు" అనే ఉంటుంది. ఒకటి ఉన్న కాస్తా మిగల్చడానికి. రెండోది ఉన్నదంతా లాక్కోవడానికి. ఎవరైనా 1/70ని విమర్శిస్తూ "ఇది కూడా వివక్షే" అంటే ఈ తేడా చెప్పండి.

భూమి లేనోడు కూలికి పోవాలి. గనులు, ఫ్యాక్టరీలు, తెల్లవాళ్ల ఇళ్లు అన్నీ నగరాల్లో. అక్కడ పని కావాలి, కానీ అక్కడ ఉండకూడదు. 1950లో వచ్చిన గ్రూప్ ఏరియాస్ యాక్ట్ ఏ జాతి వాళ్లు నగరంలో ఏ భాగంలో ఉండాలో గీతలు గీసింది. జోహానెస్‌బర్గ్‌లో సోఫియాటౌన్ అనే పేటని 1955 ఫిబ్రవరి నుంచి ఖాళీ చేయించారు. లారీల్లో సామాన్లు ఎక్కించి, ఊరికి దూరంగా, తర్వాత సొవెటో అని పేరు పడిన ప్రాంతానికి తరలించారు. కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటని 1966లో "తెల్లవాళ్ల ప్రాంతం" అని ప్రకటించారు. అక్కడి నుంచి 60 వేల మందికి పైగా ఇసుక మైదానాల్లో కట్టిన కాలనీలకి పోవాల్సొచ్చింది. అంతకుముందు నడిచి పనికి పోయేవాళ్లు ఆ తర్వాత ఇరవై, ముప్పై కిలోమీటర్లు ప్రయాణం చేయాల్సి వచ్చింది.

అన్నిటికంటే దారుణం హోమ్‌ల్యాండ్‌లు. నల్లజాతి వాళ్లని తెగల వారీగా విడదీసి "ఇదే మీ దేశం" అని కొన్ని ప్రాంతాలు చూపించారు. అందులో ఒకటి క్వాఎన్‌డెబెలె. అక్కడి నుంచి ప్రిటోరియాకి పనికి పోయేవాళ్లు తెల్లవారుజామున మూడు గంటలకి ముందే బస్సెక్కేవాళ్లు. కొందరికి పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. డేవిడ్ గోల్డ్‌బ్లాట్ అనే ఫొటోగ్రాఫర్ 1980లలో ఆ బస్సుల్లో వాళ్లతో పాటు ప్రయాణం చేసి ఫొటోలు తీశాడు. చీకట్లో, కిక్కిరిసిన బస్సులో, ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోతున్న కూలీలు కనిపిస్తారు వాటిలో.

కొండ అడ్డం ఉండి, వాగు అడ్డం ఉండి ఊరు దూరమవడం మనకి తెలుసు. అక్కడి దూరం అలాంటిది కాదు. ఆఫీసులో కూర్చుని మ్యాపు మీద గీసిన దూరం.

ఒక్క పెన్నీ కోసం నడక

మనుషుల్ని దూరం పంపితే సరిపోదు, మళ్లీ పొద్దున్నే పనికి తేవాలి. అందుకు రైళ్లు, బస్సులు పెట్టారు. 1930లో మోటార్ క్యారియర్ ట్రాన్స్‌పోర్టేషన్ యాక్ట్ వచ్చింది. కిరాయికి మనుషుల్ని గానీ సరుకుని గానీ మోయాలంటే పర్మిట్ ఉండాలి. సర్కారు రైళ్లకి పోటీ రాకుండా చూడటం దాని అసలు ఉద్దేశం. నల్లజాతి వాళ్లు పర్మిట్ అడిగితే దొరకడం గగనం. అంటే వాళ్ల ప్రయాణం మీద వచ్చే డబ్బు కూడా వాళ్లకి చెందకుండా కట్టుదిట్టం చేశారు.

బస్సు చార్జీ పెరిగితే కూలి డబ్బులో నేరుగా కోత పడినట్టే. జోహానెస్‌బర్గ్ పక్కన అలెగ్జాండ్రా అనే బస్తీ ఉంది. 1943లో అక్కడ చార్జీ నాలుగు పెన్నీల నుంచి ఐదుకి పెంచితే జనం బస్సులు ఎక్కడం మానేశారు. తొమ్మిది రోజులకి కంపెనీ పాత చార్జీకి దిగొచ్చింది. అప్పట్లో కుర్రాడిగా ఉన్న నెల్సన్ మండేలా ఆ జనంతో కలిసి నడిచానని తన ఆత్మకథలో రాసుకున్నారు.

మళ్లీ 1957 జనవరి 7న అదే ఊరు, అదే పెంపు, నాలుగు నుంచి ఐదు పెన్నీలు. ఈసారి బస్సులు పుట్కో అనే కంపెనీవి. జనం "అజిక్వెల్వా" అన్నారు. "ఎక్కేది లేదు" అని అర్థం. పోను దాదాపు 15 కిలోమీటర్లు, రాను అంతే. ముసలాళ్లు, తల మీద బట్టల మూటలు మోసే చాకలి పని ఆడవాళ్లు, అందరూ నడిచారు. మిగతా బస్తీలు కూడా తోడయ్యాయి. పోలీసులు దారిలో ఆపి పాసులు చూపించమని వేధించారు. అయినా మూడు నెలల దాకా నిలబడ్డారు. చివరికి పాత చార్జీయే మిగిలింది. అదే ఏడాది యజమానుల దగ్గర పన్ను వసూలు చేసి ఆ బస్సులకి సబ్సిడీ ఇచ్చేలా చట్టం చేశారు.

ఇక్కడ ఒకటి గమనించండి. "మమ్మల్ని దూరంగా పెట్టింది మీరు, ఆ దూరం ఖర్చు మీరే భరించాలి" అనే మాట ఆ నడకతో గెలిచింది. ఈ మాట పోస్టు చివర్లో మళ్లీ అవసరం పడుతుంది.

డర్బన్‌లో మనవాళ్లు

ఈ కథలో తెలుగువాళ్లు కూడా ఉన్నారు. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద తీసుకెళ్లిన కూలీలు అందులో ఉన్నారు. 1911 దాకా అలా ఓడలు పోతూనే ఉన్నాయి. విశాఖ, గోదావరి వైపు నుంచి, చిత్తూరు వైపు నుంచి కూడా చాలామంది పోయారు. వాళ్ల మనవలు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు.

ఒప్పందం అయిపోయాక కొందరు కూరగాయలు పండించారు, కొందరు కొట్లు పెట్టారు, కొందరు బస్సులు తిప్పారు. డర్బన్‌లో నల్లజాతి వాళ్లు, భారతీయులు ఉండే పేటలకి తిరిగే బస్సుల్లో చాలా వాటికి ఓనర్లు భారతీయులే. తెల్లవాళ్ల పాలనలో భారతీయులకి కూడా లైసెన్సు తేలిగ్గా వచ్చేది కాదు. కానీ ఆఫ్రికన్లకి ఇంకా కష్టం. అందుకని ప్రయాణికుడు ఆఫ్రికన్, ఓనరూ కండక్టరూ భారతీయులు. మా దగ్గర చార్జీ తీసుకుని మమ్మల్ని చులకనగా చూస్తారని ఆఫ్రికన్లకి కోపం ఉండేది. 1949 జనవరిలో డర్బన్‌లో ఘోరమైన అల్లర్లు జరిగాయి. అధికార లెక్క ప్రకారం 142 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆఫ్రికన్లు, తర్వాత భారతీయులు. దానికి కారణాలు చాలా ఉన్నాయి, బస్సుల మీద కోపం అందులో ఒకటి.

పైన కూర్చున్నవాడు పర్మిట్లు పంచే పద్ధతి ఎలా ఉంటుందంటే, కింద ఉన్న ఇద్దరూ ఒకరినొకరు శత్రువుల్లా చూసుకుంటారు. గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చాక ఇద్దర్నీ తరిమారు. డర్బన్ దగ్గరి కేటో మేనర్ నుంచి భారతీయుల్ని చాట్స్‌వర్త్ లాంటి కాలనీలకి, ఆఫ్రికన్లని క్వామాషు లాంటి చోట్లకి పంపారు. కొట్లాడుకున్న ఇద్దరికీ చివరికి దూరమే మిగిలింది.

తొమ్మిది మంది లెక్క

బస్సులు, రైళ్లు టైముకి రావు, రాత్రిపూట ఉండవు, బస్తీ లోపలికి రావు. ఆ ఖాళీలో పాత పెద్ద అమెరికన్ కార్లు కొనుక్కుని కొందరు నల్లజాతి వాళ్లు టాక్సీలు తిప్పారు. చాలా వాటికి పర్మిట్ ఉండదు. దొరికితే పట్టుకెళ్తారు.

1977లో రోడ్ ట్రాన్స్‌పోర్టేషన్ యాక్ట్ వచ్చింది. అందులో బస్సు అంటే ఏంటో నిర్వచనం ఇచ్చారు. డ్రైవర్‌తో కలిపి తొమ్మిది మంది కంటే ఎక్కువమందిని మోసేది బస్సు. ఎవరో తెలివైనోళ్లు దీన్ని తిరగేసి చదివారు. తొమ్మిది మంది దాకా అయితే అది బస్సు కాదు కదా, టాక్సీయే కదా! అప్పటిదాకా కారుకి తీసుకునే టాక్సీ పర్మిట్‌తో కాంబి వ్యాన్ తిప్పడం మొదలుపెట్టారు. పేపర్ మీద ఎనిమిది మంది ప్రయాణికులు. లోపల సీట్లు ఇంకా ఉంటాయి, జనం ఇంకా ఎక్కుతారు. చట్టంలో సందు దొరికింది, పరిశ్రమ పుట్టింది.

1980లలో టొయోటా హైఏస్ వ్యాన్లు రోడ్ల నిండా కనిపించాయి. అప్పట్లో వేగంగా పరిగెత్తే జోలా బడ్ అనే రన్నర్ పేరు ఆ వ్యాన్లకి పెట్టి పిలిచేవాళ్లు జనం. ఆగేందుకు బోర్డులేం లేవు. చేతి సైగలే. చూపుడు వేలు పైకెత్తితే సిటీ సెంటర్‌కి అని అర్థం. ఒక్కో ప్రాంతానికి ఒక్కో సైగ. 2010లో ఈ సైగల మీద తపాలా బిళ్లలు కూడా వచ్చాయి. డబ్బులు వెనక సీట్ల నుంచి చేతులు మారుతూ ముందుకి వస్తాయి, ముందు సీట్లో కూర్చున్న ప్రయాణికుడు లెక్క చూసి చిల్లర వెనక్కి పంపుతాడు. వేరే ఊరి మనుషులు ఒక్క బండిలో ఒకరినొకరు నమ్మి నడిపే లెక్క అది. మన సంత రోజు జీపుల్లో కూడా ఇలాగే జరుగుతుంది, చూసే ఉంటారు.

నల్లజాతి వాడు సొంతంగా పెట్టుకుని, సొంతంగా నడుపుకుని, పెద్దది చేసుకున్న వ్యాపారం అది. అప్పట్లో అలాంటివి చాలా తక్కువ. అందుకే అక్కడి వాళ్లకి ఆ వ్యాన్ మీద కోపంతో పాటు ఒక గర్వం కూడా ఉంది.

తలుపు తీశారు, కాపలా పెట్టలేదు

1987లో ప్రభుత్వం కొత్త రవాణా విధానం ప్రకటించింది. 1988లో ట్రాన్స్‌పోర్ట్ డీరెగ్యులేషన్ యాక్ట్ వచ్చింది. 16 సీట్ల వ్యాన్లకి చట్టబద్ధంగా పర్మిట్లు ఇవ్వడం మొదలైంది. ఏళ్ల తరబడి మూసిన తలుపు ఒక్కసారి బార్లా తెరిచారు. జాతి వివక్ష ప్రభుత్వానికి అప్పటికే బస్తీల్లో పట్టు పోతోంది, బస్సు సబ్సిడీలు భారమవుతున్నాయి. "మార్కెట్టే చూసుకుంటుంది" అనే మాట వాళ్లకి అనుకూలంగా ఉంది.

పర్మిట్లు ఇష్టం వచ్చినట్టు ఇచ్చారు. లంచాలకి ఇచ్చారు. ఏ రూటులో ఎన్ని బండ్లు కావాలనే లెక్క లేదు. అప్పు చేసి వ్యాను కొన్నవాడికి నెల నెలా వాయిదా కట్టాలి. ఒకే రూటులో పది బండ్ల జనానికి ఇరవై బండ్లు. ఇక రూటు కాపాడేది ఎవరు? సర్కారు లేదు కాబట్టి టాక్సీ అసోసియేషన్లు ఆ పని తీసుకున్నాయి. అందులో చేరాలంటే ఫీజు కట్టాలి, కట్టకపోతే స్టాండులో బండి పెట్టనివ్వరు. మెల్లగా ఆ డబ్బుతో తుపాకులు వచ్చాయి. కిరాయి హంతకులు వచ్చారు. జులు భాషలో వాళ్లని "ఇంకాబి" అంటారు, అసలు అర్థం ఎద్దు. 1990లలో టాక్సీ యుద్ధాల్లో వందల మంది చనిపోయారు. స్టాండులో బండి కోసం నిలబడ్డ ప్రయాణికులు కూడా చనిపోయారు. కొందరు పోలీసులు, ఆఫీసర్లే సొంతంగా టాక్సీలు పెట్టుకున్నారు. ఇక కేసు ఎవరు పెడతారు?

1994లో అందరికీ ఓటు వచ్చింది, మండేలా అధ్యక్షుడయ్యారు. కొత్త ప్రభుత్వానికి పాత ప్రభుత్వం నుంచి ఈ మంట కూడా వారసత్వంగా వచ్చింది.

బండి మార్చారు, మనిషి సంగతి?

1995లో నేషనల్ టాక్సీ టాస్క్ టీమ్ వేశారు. దేశమంతా తిరిగి అందరి మాటా విన్నారు. టాక్సీలని నమోదు చేయాలి, పర్మిట్ "ఈ చుట్టుపక్కల ఎక్కడైనా" అని కాకుండా ఫలానా రూటుకి అని ఇవ్వాలి, డ్రైవర్లకి కార్మిక హక్కులుండాలి, ప్రభుత్వం ఆర్థికంగా తోడు నిలవాలి అన్నారు. 2000లో ఒక చట్టం, 2009లో నేషనల్ ల్యాండ్ ట్రాన్స్‌పోర్ట్ యాక్ట్ ఈ దారిలోనే వచ్చాయి. టాక్సీల వాళ్లందరి తరఫున మాట్లాడటానికి 2001లో శాంటాకో అనే సంఘం ఏర్పడింది.

అన్నిటికంటే పెద్ద పథకం టాక్సీ రీక్యాపిటలైజేషన్. 1999లో ప్రకటించారు, గొడవలు, ఆలస్యాలు దాటి 2006లో మొదలైంది. పాత వ్యాన్ తెచ్చి ఇస్తే దాన్ని తుక్కు కింద నలిపేసి మొదట్లో 50 వేల ర్యాండ్‌లు ఇచ్చేవాళ్లు. దాంతో సీట్ బెల్టులు, బలమైన బాడీ ఉన్న కొత్త వ్యాన్ కొనుక్కోవాలి. ఆలోచన మంచిదే. పాత వ్యాన్ల ప్రమాదాల్లో చాలా ప్రాణాలు పోయాయి. కానీ కొత్త వ్యాన్ ధరలో 50 వేలు చిన్న భాగం. మిగతాది అప్పు, వడ్డీ ఎక్కువ. వాయిదా కట్టాలంటే ఎక్కువ ట్రిప్పులు, ఎక్కువ మంది, ఎక్కువ స్పీడు. కొత్త బండిలో కూర్చున్నాడు గానీ డ్రైవర్ మీద ఒత్తిడి అలాగే ఉంది. అనుకున్న గడువుకి పథకం పూర్తి కూడా కాలేదు.

డ్రైవర్ సంగతి మనం ఆలోచించాలి. వ్యాన్ ఓనర్ వేరు, డ్రైవర్ వేరు. చాలా చోట్ల డ్రైవర్ రోజుకి ఇంత అని ఓనర్‌కి కట్టి మిగిలింది తను తీసుకుంటాడు. మన దగ్గర రోజు అద్దెకి ఆటో తీసుకుని తిప్పే అన్నల లెక్కే. తెల్లవారుజామున నాలుగింటికి మొదలెట్టి రాత్రి దాకా. 2005లో టాక్సీ డ్రైవర్లకి కనీస వేతనం, పని గంటలు నిర్ణయిస్తూ ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. అమలు అంతంత మాత్రమే. రూలు బండికి పెట్టినంత గట్టిగా జీతానికి పెట్టలేదు.

ప్రయాణికుల వైపు నుంచి, ముఖ్యంగా ఆడవాళ్ల వైపు నుంచి కూడా చెప్పాలి. 2008లో జోహానెస్‌బర్గ్‌లోని నూర్డ్ స్ట్రీట్ టాక్సీ స్టాండులో పొట్టి స్కర్టు వేసుకుందని ఒక అమ్మాయి మీద దాడి చేశారు. తర్వాత ఆడవాళ్లు అదే స్టాండుకి ఊరేగింపుగా వెళ్లి నిరసన చెప్పారు. పేదవాళ్లు కట్టుకున్న వ్యవస్థ కాబట్టి అందులో అంతా మంచే ఉంటుందని నేను అనను. అణచివేత నుంచి పుట్టినది కూడా ఇంకొకరిని అణచగలదు. సంస్కరణ అవసరం అనేది నిజం. ఎలాంటి సంస్కరణ అనేదే ప్రశ్న.

పెద్ద బస్సులు వచ్చాయి

2010లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ అక్కడ జరిగింది. దానికి ముందు నగరాల్లో కొత్త బస్సుల వ్యవస్థ పెట్టారు. రోడ్డు మధ్యలో వాటికే వేరే దారి, ఎత్తైన స్టేషన్లు, ముందే టికెట్. దీన్ని బీఆర్‌టీ అంటారు. కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో 2000లో మొదలైన బస్సుల నుంచి ఈ నమూనా తెచ్చుకున్నారు. జోహానెస్‌బర్గ్‌లో 2009 ఆగస్టు 30న రియా వాయా బస్సులు సొవెటో నుంచి నడిచాయి. మొదలైన కొన్ని రోజులకే ఒక బస్సు మీద కాల్పులు జరిగాయి, ఇద్దరికి గాయాలయ్యాయి. "మా రూటు మీద మాకు చెప్పకుండా బస్సులా?" అని టాక్సీల వాళ్ల కోపం.

ఇక్కడ నగర ప్రభుత్వం ఒక మంచి పని చేసింది. పోలీసులతో మాత్రమే సరిపెట్టుకోకుండా చర్చలకి కూర్చుంది. ఆ రూటులో తిరిగే టాక్సీ ఓనర్లు తమ వ్యాన్లు తీసేస్తే, బస్సు నడిపే కంపెనీలో వాళ్లకే వాటాలు. 2011లో సుమారు 300 మంది పాత టాక్సీ ఓనర్లు పియోట్రాన్స్ అనే కంపెనీ వాటాదారులుగా బస్సుల నిర్వహణ తీసుకున్నారు. డ్రైవర్లలో కొందరికి నెల జీతం ఉద్యోగం వచ్చింది. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో ఆశ కలిగించే ఘట్టం ఇదే.

మరి దేశమంతా ఎందుకు అలా కాలేదు? బొగోటాలో జనం దగ్గర దగ్గరగా ఉంటారు. ఒకరు దిగితే ఇంకొకరు ఎక్కుతారు, ఒకే సీటు ఒక ట్రిప్పులో రెండు మూడు సార్లు అమ్ముడవుతుంది. సొవెటో లాంటి చోట పొద్దున అందరూ ఒకే వైపు పోతారు, సాయంత్రం అందరూ ఒకే వైపు వస్తారు. మధ్యలో ఎక్కేవాళ్లు తక్కువ. మధ్యాహ్నం బస్సు ఖాళీ. అందుకని చార్జీలతో ఖర్చులు రావు, సబ్సిడీ పెరుగుతూ పోతుంది, కొత్త రూట్లు వేయడానికి డబ్బుండదు. 1950లో మ్యాపు మీద గీసిన గీత 2009లో బస్సు లెక్కల పుస్తకంలో నష్టంగా కనిపించింది. పాత చట్టం రద్దయింది, ఊర్లు మాత్రం ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

ఇంకో అన్యాయం కూడా ఉంది. రైలుకి, బస్సుకి ప్రభుత్వ సబ్సిడీ ఉంది. ఎక్కువమంది ఎక్కే మినీబస్ టాక్సీకి మాత్రం నడిపే ఖర్చులో రోజువారీ సబ్సిడీ దాదాపు లేదు. పేదవాడు ఎక్కే బండికి పూర్తి చార్జీ పేదవాడే కట్టాలి. 2020లో కరోనా సమయంలో సీట్లు తగ్గించి నడపమన్నప్పుడు ప్రభుత్వం 113.5 కోట్ల ర్యాండ్‌ల సాయం ప్రకటించింది. చాలా తక్కువని టాక్సీ సంఘాలు ఒప్పుకోలేదు. సాయం కావాలంటే రిజిస్టర్ అవ్వాలి, పన్నుల లెక్క చూపాలి అని షరతు. ప్రభుత్వం అడిగిందీ న్యాయమే. ఇన్నేళ్లు మమ్మల్ని లెక్కలోకి తీసుకోనిది మీరే కదా అని వాళ్లు అడిగిందీ న్యాయమే. 1957లో నడిచినవాళ్లు గెలిచిన మాట, దూరం ఖర్చు దూరం పెట్టినవాడే భరించాలి అనేది, వ్యాన్ ఎక్కేవాళ్ల దాకా ఇంకా రాలేదు.

మనం ఏం తీసుకోవాలి

నేను మా ఇంట్లో కాలేజీ మెట్లు ఎక్కిన మొదటిదాన్ని. హాస్టల్ నుంచి ఇంటికి పోవాలంటే రెండు బస్సులు, తర్వాత జీపు. ఆ జీపు నిండితేనే కదులుతుంది. లెక్క ప్రకారం అది ఓవర్‌లోడ్, పట్టుకుంటే ఫైన్. కానీ అది లేకపోతే మా ఊరి పేషెంటు డోలీలోనే పోవాలి. ఈ గ్రూపులో చాలామందిది ఇదే పరిస్థితి. అందుకే ఈ చరిత్ర నాకు పరాయిగా అనిపించలేదు. మన చరిత్రా వాళ్ల చరిత్రా ఒకటి అనడం లేదు. మనల్ని అలా లారీల్లో ఎక్కించి రంగు చూసి తరమలేదు. కానీ సర్కారు రాని చోట జనం సొంతంగా ఒక ఏర్పాటు చేసుకోవడం, ఆలస్యంగా వచ్చిన సర్కారు ముందు దాన్నే "అక్రమం" అనడం, ఈ వరస రెండు చోట్లా కనిపిస్తుంది.

రవాణా గురించి ఏ కొత్త పథకం వచ్చినా మనం మూడు ప్రశ్నలు అడగాలి. ఒకటి, ఇప్పటిదాకా మమ్మల్ని మోసినవాడికి ఇందులో చోటుందా, లేక వాడి బండి సీజ్ చేయడమేనా? రెండు, డ్రైవర్‌కి జీతం, ప్రయాణికుడికి చార్జీ, ఆడపిల్లకి భద్రత, ఈ మూడూ కాగితం మీద రాశారా, లేక బండి రంగు, మోడలే రాశారా? మూడు, దూరం ఖర్చు ఎవరి మీద వేశారు? జోహానెస్‌బర్గ్‌లో మొదటి ప్రశ్నకి సరైన జవాబు దొరికిన చోట తుపాకులు కాస్త తగ్గి చర్చ మొదలైంది. జవాబు లేని చోట గొడవ నడుస్తూనే ఉంది.

చివరగా ఒక పని. దక్షిణాఫ్రికా వాళ్ల కథ నేను ఇక్కడ కూర్చుని చదవగలిగానంటే, ఎవరో చార్జీ ఎంతో, ఎన్ని మైళ్లు నడిచారో, బస్సు ఎన్నింటికి కదిలిందో రాసి పెట్టారు కాబట్టి. మన ఊళ్ల గురించి అలా రాసినవాళ్లు తక్కువ. కింద కామెంట్లలో మీ ఊరి నుంచి మండలానికి ఎన్ని కిలోమీటర్లు, బండి ఏది, చార్జీ ఎంత, చివరి బండి ఎన్నింటికి, మొదటిసారి మీ ఊరికి బండి వచ్చిన ఏడాది ఏదో పెద్దవాళ్లని అడిగి రాయండి. అన్నీ ఒక చోట చేర్చి ఇంకో పోస్టు పెడతాను. తప్పులుంటే సీనియర్ అన్నలు, అక్కలు సరిచేయండి.

జోహార్.